లాక్స్టన్: కంచెలు వేయని ఊరు ఇంకా ఎలా నిలిచింది?

ఇంగ్లండ్ పల్లెటూరు అనగానే చాలామందికి గుర్తొచ్చేది కాట్స్‌వోల్డ్స్. తేనెరంగు రాతి ఇళ్లు, పక్కనే పారే వాగు, బైబరీలో ఆర్లింగ్టన్ రో అనే ఇళ్ల వరుస. ఇంటి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంగ్లండ్‌లోని మనవాళ్లు తీసుకెళ్లేదీ ఎక్కువగా అటే. ఆ చిన్న ఊరికి టూరిస్టు బస్సుల తాకిడి ఎంత పెరిగిందంటే, ఈమధ్య బస్సుల పార్కింగ్ మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది.

నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్టన్‌కి ఆ బెడద లేదు. ఎర్ర ఇటుక ఇళ్లు, పెంకు కప్పులు, రోడ్డు మీద ట్రాక్టర్ టైర్లు వదిలిన బురద. ఫొటో తీసుకుందామన్నా చప్పున ఏదీ ఆనదు. అయినా వ్యవసాయ చరిత్ర చదివినవాళ్లకు ఇది యాత్రాస్థలమంత. ఒకప్పుడు ఇంగ్లండ్ మధ్య ప్రాంతమంతా సాగిన కంచెల్లేని ఉమ్మడి పొలాల పద్ధతి, దాన్ని నడిపే రైతుల కోర్టుతో సహా, ఇప్పటికీ పనిచేస్తున్నది ఇక్కడే. డెవన్‌లోని బ్రాంటన్ లాంటి ఒకటి రెండు చోట్ల చెక్కలుగా (సన్నటి భూమి పట్టీలుగా) చీలిన పొలాలు మిగిలాయి కానీ, కోర్టు లేదు.

2024లో బ్రిటన్ యునెస్కో వారి సజీవ వారసత్వ ఒప్పందంలో చేరింది. భారత్ 2005లోనే చేరింది. బ్రిటన్ చేరినప్పటి నుంచి అక్కడ ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: గోడనో గోపురాన్నో కాపాడటం తెలుసు, మరి ఒక అలవాటుని, ఒక కట్టుబాటుని కాపాడటం ఎలా? లాక్స్టన్ కథ అంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే.

కంచె లేదంటే యజమాని లేడని కాదు

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. ‘ఓపెన్ ఫీల్డ్’ అంటే ఊరందరూ కలిసి దున్నుకుని పంట పంచుకునే సమష్టి సాగు కాదు. ఎవరి చెక్క వారిదే, ఎవరి పంట వారిదే. ఉమ్మడిగా ఉండేవి రెండు. ఒకటి, ఏ ఏడాది ఏ పొలంలో ఏం వేయాలన్న నిర్ణయం. రెండోది, కోతలయ్యాక ఆ పొలంలో పశువులను మేపుకునే హక్కు.

లాక్స్టన్‌లో ఇప్పుడు మూడు పెద్ద పొలాలున్నాయి: సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్. ఒక్కోటీ కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది, లోపల కంచెలుండవు. లోపలంతా పొడవాటి చెక్కలు. ఒక రైతు చెక్కలు మూడు పొలాల్లోనూ అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటాయి.

పంటల వరుస పాత కాలం నుంచీ మూడేళ్లది. మొదటి ఏడాది శీతాకాలపు గోధుమ. రెండో ఏడాది వసంతంలో విత్తే బార్లీనో, బఠాణీ, చిక్కుడు జాతి పంటలో. మూడో ఏడాది బీడు. నేల తేరుకుంటుంది, పశువులు తిరుగుతాయి, పేడ పడుతుంది. ఏ సమయంలో చూసినా ఒక పొలం గోధుమలో, ఒకటి రెండో పంటలో, ఒకటి బీడుగా ఉంటుంది.

కోతలయ్యాక పొలమంతా మేపుకి వదలాలి కాబట్టి, ఒక్కడు మొండికేసి ఆలస్యంగా కోసే పంట వేసినా ఊరి పశువులన్నీ ఆగాలి. ఎవరికి వారే యజమానులైనా ఎవరికి వారే నిర్ణయించుకోలేని పరిస్థితి. దానికోసమే కోర్టు పుట్టింది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఒకే రైతు భూమి ఇన్ని ముక్కలెందుకు?

మన దగ్గర కమతాలు చిన్నవైపోయాయని, ముక్కలైపోయాయని దశాబ్దాలుగా బాధపడుతున్నాం. ఇక్కడ కావాలనే ముక్కలు చేసుకున్నట్టు కనిపిస్తుంది. ఎందుకో ఒక లెక్కతో చూద్దాం.

పద్దెనిమిది ఎకరాల రైతు ఉన్నాడనుకోండి. మూడు పొలాల్లో ఆరేసి ఎకరాలున్నాయి. ఏ ఏడాదైనా అతనికి ఆరు ఎకరాల గోధుమ, ఆరు ఎకరాల బార్లీ దక్కుతాయి, ఆరు ఎకరాలు బీడుంటాయి. ప్రతి ఏడూ అంతే. అదే పద్దెనిమిది ఎకరాలూ సౌత్ ఫీల్డ్‌లోనే ఉంటే ఒక ఏడాది ఇంటినిండా గోధుమ, మరుసటి ఏడాది ఇంటినిండా బార్లీ, మూడో ఏడాది గింజ లేదు. మూడు పొలాల పద్ధతిలో ఉన్నంతకాలం మూడింటా భూమి లేకపోతే కడుపు నిండదు.

అయితే ఒక్కో పొలంలో ఆ ఆరు ఎకరాలైనా ఒకే చోట ఉండొచ్చు కదా, మళ్లీ పది చెక్కలెందుకు? ఇక్కడే చరిత్రకారులు, ఆర్థికవేత్తలు విడిపోతారు. మంచి నేల, చవుడు నేల అందరికీ సమంగా దక్కాలని పంచుకున్నారనేది పాత వివరణ. వారసత్వ పంపకాల్లో తరతరాలుగా చీలాయనేది మరొకటి. 1970ల్లో ఆర్థికవేత్త మెక్‌క్లోస్కీ మూడో మాట చెప్పారు: ఇది ఒకరకం బీమా అని. పల్లంలో నీరు నిలిచి పంట కుళ్లిన ఏడాది మిట్టమీద చెక్క నిలబడుతుంది, వానలు తక్కువైన ఏడాది పల్లం ఆదుకుంటుంది. నడకలో, పనిలో కొంత నష్టపోయినా అన్నీ ఒకేసారి పోకుండా చూసుకోవడం అన్నమాట. అలాంటప్పుడు గింజలు దాచుకుంటే సరిపోయేది కదా అని విమర్శకులు అడిగారు. ఆ చర్చ ముగియలేదు. ఇందులో ఏ ఒక్క కారణమో పట్టుకుని అన్ని ఊళ్లకూ అతికించడం కుదరదనే నాకనిపిస్తుంది.

ఒక నాగటి చాలు జరిగితే పోయేది ఎంత?

ఎకరా కొలత ఈ పొలాల నుంచే వచ్చింది. లెక్క ప్రకారం ఎకరా అంటే 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు. గుణిస్తే 4,840 చదరపు గజాలు, మన పాస్‌బుక్కుల్లో ఇప్పటికీ నడుస్తున్న అంకె. ఎద్దుల జట్టు ఆగకుండా దున్నుతూ పోయేంత దూరం ఆ పొడవు. వెడల్పు ఒక సర్వే గొలుసు, అంటే క్రికెట్ పిచ్ పొడవంత. నిజమైన చెక్కలు ఇంత కచ్చితంగా ఉండేవి కావు. ఎద్దుల జట్టుని చివర్లో తిప్పడానికి వీలుగా కాస్త వంపు తిరిగి ఉండేవి కూడా. కానీ లెక్క అర్థం కావడానికి ఇది చాలు.

ఇప్పుడు అర ఎకరం చెక్క తీసుకోండి. 220 గజాల పొడవు, 11 గజాల వెడల్పు. పక్క చెక్కవాడు దున్నుతూ దున్నుతూ ఒక్క చాలు ఇటు జరిగాడు. చాలు వెడల్పు తొమ్మిది అంగుళాలు, అంటే పావు గజం. 220ని పావుతో గుణిస్తే 55 చదరపు గజాలు. సెంటు 48.4 చదరపు గజాలు కదా, అంటే ఒక్క చాలుకే సెంటుకి పైగా పోయింది! ఇలా పది చాళ్లు జరిగితే యాభై సెంట్లలో పదకొండు సెంట్లకు పైగా గల్లంతు. పొలం పొడవుగా, సన్నగా ఉంటే సరిహద్దు ఎక్కువ. సరిహద్దు ఎక్కువైతే గొడవా ఎక్కువే.

మధ్యలో గట్టు వేస్తే పోలేదా అంటే, ఇన్ని చెక్కలకు గట్లు వేస్తే సాగుభూమి తగ్గిపోతుంది. అందుకే చెక్కకీ చెక్కకీ మధ్య ఉండేది చివర్లో దిగ్గొట్టిన కొయ్య మేకు, ఒక లోతు చాలు, అంతే. ఆ మేకు ఎక్కడుందో ఊరంతటికీ తెలియాలి. దాన్ని ఎవరో ఒకరు ఏటా సరిచూడాలి.

నవంబరులో పొలం చూసే పన్నెండుమంది

సరిచూసేది జ్యూరీ. ఊళ్లో సాగు చేసే రైతుల్లోంచే పన్నెండుమంది, వాళ్లకో పెద్ద. నవంబరు చివర్లో ఒక రోజు, శీతాకాలపు గోధుమ కొత్తగా విత్తిన పొలానికి బయల్దేరతారు. చెక్క చెక్కకీ ఆగి మేకులు చూస్తారు. పోయినచోట కొత్తవి సుత్తితో దిగ్గొడతారు. ఎవరైనా పక్క చెక్కలోకి దున్నారా, పొలం బాటని మింగారా, పచ్చిక పట్టీలోకి నాగలి దించారా అని చూసి రాసుకుంటారు. మధ్యాహ్నం డవ్‌కోట్ ఇన్ అనే ఊరి పబ్‌లో భోజనం, తప్పు చేసినవాళ్లకు ఎంత జరిమానా వేయాలన్న చర్చ.

తర్వాత వారానికి అదే పబ్‌లో ‘కోర్ట్ లీట్’ కూర్చుంటుంది. ఇది మధ్యయుగాల్లో మేనర్‌కి, అంటే దొర ఏలుబడిలోని గ్రామానికి, ఉండిన చిన్న కోర్టు. దొర తరఫున స్టీవార్డ్ అధ్యక్షత వహిస్తాడు. జ్యూరీ రాసుకొచ్చింది చదువుతారు, జరిమానాలు ఖరారు చేస్తారు, వచ్చే ఏడాదికి కొత్త జ్యూరీ ప్రమాణం చేస్తుంది. జరిమానా కొద్ది పౌండ్లే. డబ్బు నష్టం కంటే, ‘వీడు పక్కవాడి చాలు తిన్నాడు’ అని అందరి ఎదుట పేరు చదవడమే గట్టి దెబ్బ. తప్పు పట్టినవాళ్లు కూడా ఆ పొలంలో చెక్కలున్నవాళ్లే. వచ్చే ఏడు తప్పు చేసినవాడే జ్యూరీలో కూర్చోవచ్చు.

ఇలాంటి కోర్టులు ఇంగ్లండ్‌లో ఇంకా కొన్ని చోట్ల వేడుకగా జరుగుతాయి. పొడవాటి అంగీలు, విందు, ఫొటోలు. 1977 నాటి న్యాయపాలన చట్టం వాటి విచారణాధికారాన్ని తీసేసింది. లాక్స్టన్‌ని మాత్రం మినహాయించారు, ఇక్కడ కోర్టుకి నిజంగా పని ఉంది కాబట్టి.

సరిహద్దులే కాక మేపు లెక్క కూడా చూడాల్సి వచ్చేది. దారితప్పి పంటలో పడిన పశువుల్ని బంధించడానికి బందెలదొడ్డి ఉండేది. అది ఇప్పటికీ ఊళ్లో చూడొచ్చు. ఇక ‘సైక్స్’ అనేవి పొలాల మధ్య వాగుల వెంట, నీళ్లు దిగే చోట నాగలి పట్టని పచ్చిక పట్టీలు. వీటిమీది గడ్డిని ఏటా వేలం వేసి, వచ్చిన డబ్బుని ఉమ్మడి హక్కులున్నవాళ్లు పంచుకునే ఆచారం ఉంది. వందల ఏళ్లుగా దున్నకపోవడంతో అవి అరుదైన అడవిపూల మొక్కలకు నిలయమయ్యాయి. ప్రకృతి పరిరక్షణ చట్టం కింద వాటికి రక్షణ హోదా కూడా దక్కింది. మొక్కల్ని కాపాడాలని అప్పట్లో ఎవరూ అనుకోలేదు, దున్నితే జరిమానా పడుతుందని ఆగారు.

1635 నాటి పటం, దాని వెనక వ్యాపారి

లాక్స్టన్ పేరు 1086 నాటి డూమ్స్‌డే రికార్డులోనే (ఇంగ్లండ్ భూముల సర్వేలోనే) ఉంది. ఊరిని కళ్లకు కట్టేది మాత్రం 1635లో మార్క్ పియర్స్ గీసిన పటం. ప్రతి చెక్కా అందులో ఉంది. ఏది ఎవరిదో చెప్పే చిట్టా దానికి జతగా ఉంది. ఖాళీ జాగాల్లో అరక దున్నేవాళ్లు, కోతకోసేవాళ్లు, వేటకెళ్లేవాళ్ల బొమ్మలు. మూలం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది.

పటం ఎవరి కాలంలో తయారైందో చూస్తే కథ మన తీరం దాకా వస్తుంది. అప్పటి మేనర్ యజమాని సర్ విలియం కోర్టిన్ లండన్ వ్యాపారి. 1627లో బార్బడోస్‌లో ఇంగ్లిష్ వలస స్థాపనకు పెట్టుబడి పెట్టినవాడు. అదే 1635 డిసెంబరులో మొదటి చార్లెస్ రాజు, ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని పక్కనపెట్టి, ఆయన బృందానికి తూర్పు దేశాలతో వ్యాపారానికి అనుమతి ఇచ్చాడు. 1636లో వాళ్ల ఓడలు బయల్దేరి గోవా, భట్కల్ మీదుగా చైనా దాకా వెళ్లాయి. కార్వార్ వైపు తీరంలో వాళ్లు కోఠీలు (వర్తక స్థావరాలు) కూడా పెట్టారు. కోర్టిన్ మాత్రం 1636లోనే పోయాడు, ఆ వ్యాపారం వారసుల చేతుల్లో దివాలా తీసింది. లాక్స్టన్ తర్వాత పియర్‌పాంట్ కుటుంబానికి చేరింది. ఎర్ల్ మాన్వర్స్ బిరుదు వాళ్లదే. ‘అచ్చమైన ఇంగ్లిష్ పల్లె’ అని మురిసిపోయేవాళ్లు ఈ ముక్క దాటేసి వెళ్తుంటారు.

మిగతా ఊళ్లకు కంచెలు ఎలా పడ్డాయి?

ఒకప్పుడు ఈ పద్ధతి మామూలే. దాన్ని మార్చింది ‘ఎన్‌క్లోజర్’. చెల్లాచెదురు చెక్కలను కలిపి, ఒక్కొక్కరికి ఒకేచోట భూమి ఇచ్చి, చుట్టూ కంచె వేసి, ఉమ్మడి మేపు హక్కులు రద్దు చేయడం. కొన్ని ఊళ్లలో పరస్పర ఒప్పందంతో జరిగింది, కొన్నిచోట్ల దొరల బలవంతంతో. తర్వాత పార్లమెంటు చట్టాలతో. 1604 నుంచి 1914 దాకా 5,200కి పైగా ఎన్‌క్లోజర్ చట్టాలు వచ్చాయి. వాటి కిందకొచ్చిన భూమి సుమారు 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండ్ విస్తీర్ణంలో ఐదో వంతుకి పైనే.

మంచి జరిగిందా, చెడు జరిగిందా? మంచి అనేవాళ్ల వాదన ఇది: కంచె పడ్డాకే రైతు తనకు నచ్చిన పంట వేయగలిగాడు, టర్నిప్, క్లోవర్ లాంటి పశుగ్రాస పంటలు వచ్చి బీడు తగ్గింది, మురుగు కాలువలు తీశారు, మేలుజాతి పశువుల్ని విడిగా పెంచుకోగలిగారు. అవతలివాళ్లు చెప్పేది: సెంటు భూమి లేకపోయినా ఉమ్మడి మేపు మీద ఒక ఆవుని పెంచుకునే పేద కుటుంబం కంచె పడ్డాక కూలికి దిగింది. వ్యవసాయ రచయిత ఆర్థర్ యంగ్ మొదట ఎన్‌క్లోజర్‌ని గట్టిగా సమర్థించాడు. తిరిగి చూసి 1801 నాటికి పేదలకు జరిగిన నష్టం గురించి రాశాడు. దిగుబడుల లెక్కలు తీసిన ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ 1992లో మరో చిక్కు బయటపెట్టాడు: పెరుగుదలలో పెద్ద భాగం కంచెలు పడకముందే, ఉమ్మడి పొలాల్లోనే వచ్చిందని. ఎన్‌క్లోజర్‌తో ఖాయంగా పెరిగింది భూస్వామికి వచ్చే కౌలు. దీన్ని ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు. దిగుబడి ఎంత పెరిగిందన్నదాని మీదే వాళ్ల గొడవ. పెరిగిన లాభం ఎవరికి చేరిందన్న విషయంలో తేడా తక్కువ.

లాక్స్టన్ తప్పించుకున్నది ఆదర్శం వల్ల కాదు. ఇక్కడా కొంత భూమికి 18వ శతాబ్దంలో కంచె పడింది. మిగతాది కూడా చేద్దామనుకున్నారు. కానీ ఊళ్లోని పెద్ద భూస్వాములు భూముల మార్పిళ్ల విషయంలో ఒక మాట మీదికి రాలేకపోయారు. ఖర్చు కూడా అడ్డొచ్చింది. అలా వాయిదా పడుతూ పడుతూ, చివరికి అదే అపురూపమైంది. 1938లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన వ్యవసాయ ఆర్థికవేత్త ఛార్లెస్ ఆర్విన్, ఆయన భార్య తమ అధ్యయనం ప్రచురించాక దేశమంతా ఈ ఊరి వైపు చూసింది.

ఉమ్మడి అంటే నాశనమేనా?

1968లో జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ఒక ఊహ చెప్పాడు. అందరిదీ అయిన పచ్చికలో ప్రతివాడూ ఇంకో పశువుని తోలుకొస్తాడు, చివరికి పచ్చికే మిగలదు. ఈ మాట విధాన చర్చల్లో సామెతలా స్థిరపడింది. ఉమ్మడి భూముల్ని ప్రైవేటుకో ప్రభుత్వానికో అప్పగించాలనే ప్రతి వాదనా దీన్ని వాడుకుంది.

లాక్స్టన్ లాంటి ఊళ్ల రికార్డులు చూస్తే ఆ ఊహలో ఒక లోటు కనిపిస్తుంది. ఈ పచ్చిక ‘అందరిదీ’ కాదు. హక్కు ఫలానా ఇళ్లకే ఉండేది. ఎన్ని పశువులు, ఏ తేదీ నుంచి అన్నది రాసి ఉండేది. తప్పితే జరిమానా. నియమాలు పెట్టేది, చూసేది, శిక్షించేది అక్కడివాళ్లే. ఇలాంటి కట్టుబాట్లను ప్రపంచమంతా పరిశీలించి అవి ఎప్పుడు నిలుస్తాయో వివరించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. హార్డిన్ కూడా తర్వాత, తాను చెప్పింది నిర్వహణ లేని ఉమ్మడి గురించేనని సవరించుకున్నాడు. అలాగని లాక్స్టన్‌ని స్వర్గం చేయకూడదు. పైన భూస్వామి ఉన్నాడు, కౌలు ఉంది, హక్కుల్లేని కూలీలూ ఉన్నారు.

ఇప్పుడు దీన్ని కాపాడేది ఎవరు?

పాత భవనాల్ని రక్షిత జాబితాలో పెట్టొచ్చు. ఊరి ఉత్తరాన ఉన్న నార్మన్ కాలపు కోట దిబ్బకి పురావస్తు రక్షణ ఉంది. కానీ ఒక రైతు మూడో ఏడాది పొలాన్ని బీడు పెట్టాలా వద్దా అన్నది భవనాల చట్టానికి అందదు. ఆ పనిచేసేది కోర్ట్ లీట్, కౌలు ఒప్పందాలు, వాటికి ఒప్పుకునే భూస్వామి.

అందుకే యజమాని మారినప్పుడల్లా ఊరికి టెన్షన్. 1952లో ఎర్ల్ మాన్వర్స్ అమ్మితే, పద్ధతి నిలవాలని వ్యవసాయ మంత్రిత్వ శాఖ కొన్నది. ఆ శాఖ వదిలించుకోవాలనుకున్నప్పుడు నిరసనలు వచ్చి, 1981లో క్రౌన్ ఎస్టేట్ (రాజరికం పేరిట ఉన్న ఆస్తుల్ని చూసే సంస్థ) చేతికి వెళ్లింది. 2020లో మాన్వర్స్ వారసుల థోర్స్‌బీ ఎస్టేట్ మళ్లీ తీసుకుంది. చక్రం తిరిగి ఆ కుటుంబం దగ్గరికే వచ్చింది.

మిగిలింది నిజంగా పాతదేనా అని అడిగేవాళ్లకు బలమైన ఆధారాలున్నాయి. 20వ శతాబ్దం మొదట్లో చెక్కల్ని కలిపి, సంఖ్య బాగా తగ్గించి, వెడల్పు చేశారు. ఇప్పుడు కంబైన్ హార్వెస్టర్లు తిరుగుతాయి. బీడు పొలంలో పశుగ్రాసం పెంచుతున్నారు. ఉమ్మడి పొలాలు ఐదు వందల ఎకరాలకు కాస్త తక్కువ, ఊరి భూమిలో కొంత భాగమే. ప్రతి రైతుకీ కంచె పొలాలు కూడా ఉన్నాయి, రాబడిలో వాటిదే పెద్ద వాటా. జ్యూరీ ఒప్పుకున్న మార్పే ఈ పద్ధతి సంప్రదాయమనేది రెండో వైపు మాట. 1635లోనూ అది 1435లా లేదు. నాకు రెండో మాటే సబబనిపిస్తుంది. డబ్బు విషయంలో మాత్రం మొదటివాళ్ల వైపే మొగ్గుతాను. చెదిరిన చెక్కల సాగుకి ఖర్చెక్కువ, దాన్ని ఎవరో ఒకరు భరించాలి. ఇంతవరకూ కొంత కౌలు రూపంలో భూస్వాములు, కొంత శ్రమ రూపంలో రైతులు భరించారు. రైతుల సంఖ్య తగ్గితే పన్నెండుమంది జ్యూరీ కూడా కష్టమే.

వెళ్తే ఏం చూడొచ్చు?

ముందు వీధి చూడండి. పెంకుల ఇటుక కొట్టాలు, రైతుల ఇళ్లు రోడ్డుకి ఆనుకునే ఉంటాయి. భూమి అన్ని వైపులా చెదిరి ఉన్నప్పుడు ఊరి నడుమ ఇల్లే అనువు. కంచె పడిన ఊళ్లలో పెద్ద రైతులు తమ భూమి మధ్యలోకి ఇళ్లు మార్చుకున్నారు. ఇక్కడ ఆ అవసరం రాలేదు. సెయింట్ మైకేల్ చర్చిలో, షెర్వుడ్ అడవికి వంశపారంపర్య సంరక్షకులైన ఎవరింగ్‌హామ్ కుటుంబపు స్త్రీ ఓక్ చెక్క ప్రతిమ ఉంది. కోట దగ్గర రాయి మీద రాయి లేదు, మట్టి దిబ్బలు, కందకాలే. డవ్‌కోట్ ఇన్ పక్కన చిన్న సందర్శక కేంద్రం పొలాల పద్ధతిని పటాలతో వివరిస్తుంది. అది చూశాక పొలంలోకి నడిస్తేనే ఏది ఏమిటో తెలుస్తుంది.

సైక్స్ మీద పూలు జూన్‌లో. జ్యూరీ తిరిగే రోజు టూరిస్టుల కోసం పెట్టిన కార్యక్రమం కాదు, పని రోజు. సరిహద్దు మేకులు చూడాలంటే ఆ ఏడాది గోధుమ ఏ పొలంలో వేశారో పబ్‌లో అడిగి అటు వెళ్లాలి.